నేతులు తాగిన తాతలు

"మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" అన్న సామెత మనందరం విన్నదే. ఉత్త గొప్పలు చెప్పుకునేవాడికి వేసిన చురక అది. ఆ సామెత వినపడ్డప్పుడల్లా నాకు మాత్రం వేరే అనుమానం వస్తుంది. ఆ తాతలు తాగిన నెయ్యి ఎక్కడిది? సొంత పాడిదా? ఎవరింట్లోనో పురాణం చెబితే సంభావనగా వచ్చిందా? అమ్మకానికి కాచినదాంట్లో మిగిలిందా? సామెత ఆ సంగతి చెప్పదు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళూ చెప్పరు.

ఇక్కడ అమెరికాలో మనవాళ్ళు నలుగురు కలిసినచోట "మీ ముత్తాతలు ఏం చేసేవారండీ?" అని అడిగి చూడండి. నాకు ఇన్నేళ్ళలో దాదాపు మూడే జవాబులు వచ్చాయి. వ్యవసాయం, కరణీకం, ఫలానా సంస్థానంలో ఉద్యోగం. మూడింట్లోనూ మొదటిదే ఎక్కువ. ఆ లెక్కన మన జిల్లాల్లో పంచె నేసినవాడు, కుండ చేసినవాడు, ఉప్పు పండించినవాడు, పడవ లాగినవాడు, ఎవడూ పిల్లల్ని కనకుండానే పోయాడనుకోవాలి. అలా జరగలేదని మనకి తెలుసు. మరి వాళ్ళ మనవలు ఎక్కడున్నారు? మనలోనే ఉన్నారు, "వ్యవసాయం" అన్న మాట వెనకాల.

మన పిల్లలకి బళ్ళో ఫ్యామిలీ ట్రీ గీసుకు రమ్మని పని ఇస్తారు. పక్కింటి పిల్లవాడి ముత్తాత బొగ్గు గనిలో పనివాడో, గుర్రాలకి నాడాలు కొట్టేవాడో పేరుతో సహా గంటలో తేలిపోతుంది. ఈ దేశపు పాత జనాభా లెక్కల్లో ప్రతి మనిషికీ ఎదురుగా వృత్తి రాసే గడి ఉండేది. డెబ్భై రెండేళ్ళు గడిచాక ఆ కాగితాలు జనానికి తెరుస్తారు. 1950 నాటివి 2022 ఏప్రిల్ 1న తెరిచారు. ఇండియాలోనూ 1881 నుంచి పదేళ్ళకోసారి దేశమంతటా ఒకేసారి జనాభా లెక్కలు తీశారు, వృత్తులూ రాశారు. కానీ అంకెలు కూడి పట్టికలు అచ్చు వేశాక ఇంటింటి కాగితాలు అట్టే పెట్టలేదు. 1901లో ఫలానా జిల్లాలో నేతపనివాళ్ళు ఎంతమందో తెలుస్తుంది. అందులో మీ ముత్తాత ఉన్నాడో లేడో తెలియదు.

కాబట్టి మనవాళ్ళు అడ్డదారి వెతుకుతారు. అందరికీ ముందు కనిపించే దారి కులం. ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి కలిసి 1909లో ఏడు సంపుటాలుగా దక్షిణ భారత కులాల మీద ఒక పుస్తకం వేశారు. ఇప్పుడు అది ఎక్కడ పడితే అక్కడ ఉచితంగా దొరుకుతుంది. అందులో తమ కులం పేరు తీసి చూసి, ఆ పేజీలో రాసిన పనే తమ ముత్తాత పని అని తేల్చేసుకునేవాళ్ళని చూశాను. ఇది చాలా పొరపాటు పద్ధతి. ఉప్పర అన్న పేరులో ఉప్పు ఉంది. అదే పుస్తకం తెరిస్తే వాళ్ళు చెరువులు తవ్వేవాళ్ళు, మట్టిపని చేసేవాళ్ళు అని ఉంటుంది. పేరు ఒక పని దగ్గర ఆగిపోయింది, మనుషులు ఇంకో పనికి వెళ్ళిపోయారు. దూదేకుల అన్న పేరు దూది ఏకడం గురించి చెబుతుంది. కానీ ఒంగోలు దగ్గర కరవది వంటి ఊళ్ళలో ముస్లిం కుటుంబాలు తరతరాలుగా నాగస్వరం ఊదాయి. షేక్ చినమౌలానాగారు (1924–1999) అలాంటి ఇంట పుట్టి రాముడి కీర్తనలు వాయించి పద్మశ్రీ అందుకున్నారు. ఆ ఇళ్ళ వృత్తి తెలుసుకోవాలని కులం పేరు పట్టుకుని పోతే చేతికి దూదే దక్కుతుంది, నాగస్వరం దక్కదు.

ఇంటిపేరు కూడా ఇలాంటిదే. మన ఇంటిపేర్లలో ఎక్కువ భాగం ఊళ్ళ పేర్లు. ఎప్పుడో ఏ ఊరినుంచి కదిలారో చెబుతాయి, ఏం చేశారో చెప్పవు. కరణం, బొక్కసం, పురాణం, భాగవతుల లాంటివి కొన్ని పనిని చూపిస్తాయి. అయితే ఆ పని వంశంలో ఎందరు చేశారు, ఎన్నాళ్ళు చేశారు అన్నది పేరు చెప్పదు. సోమయాజుల అంటే ఒక తాత ఒకప్పుడు యజ్ఞం చేశాడని. ఆ తరవాత పదితరాలూ యజ్ఞాలే చేస్తూ కూచోలేదు కదా!

మరి పని ఎక్కడ రాసి ఉంది? నేను చూసినంతలో, పని గురించి కాక పనికి వచ్చే ప్రతిఫలం గురించి రాసిన కాగితాల్లో ఉంది. సర్కారుకి కావలసింది పన్ను. నువ్వేం చేస్తున్నావన్నది దానికి పట్టలేదు. నీ భూమికి పన్ను ఎందుకు కట్టడంలేదు అన్నది పట్టింది. ఆ ప్రశ్నకి జవాబుగానే మన పూర్వీకులు తమ పని చెప్పుకోవలసి వచ్చింది.

పాత ఊళ్ళలో చాలామందికి జీతం అన్నది లేదు. పన్నెండుమంది ఆయగాళ్ళు అనేవారు (తెలంగాణలో బలుతాదార్లు). కరణం, రెడ్డి లేక మునసబు, తలారి, పురోహితుడు, వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి, చెరువు నీళ్ళు వదిలే నీరుగట్టువాడు, ఇలా ఊరినిబట్టి జాబితా కాస్త మారేది. వాళ్ళకి కళ్ళంలో ఇన్ని మానికలు అని ధాన్యం ముట్టేది. దానితోపాటు కొందరికి మాన్యం ఉండేది. పనిచేసినన్నాళ్ళూ అనుభవించు, పన్ను కట్టక్కర్లేదు, లేదా నామమాత్రంగా కట్టు అన్న షరతుతో ఇచ్చిన భూమి అది. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. ఊరూరా తిరిగి, ఈ మాన్యం ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, దేనికిచ్చారు, మొదట పుచ్చుకున్నదెవరు, ఇప్పుడు అనుభవిస్తున్నదెవరు, వాళ్ళకీ వీళ్ళకీ చుట్టరికం ఏమిటి అని విచారించి రిజిస్టర్లు రాశారు. వీటినే ఇనాం ఫేర్ రిజిస్టర్లు అంటారు. గుడి భూముల తగాదాల్లో ఇప్పటికీ కోర్టులు వీటిని చూస్తాయి. వకీళ్ళకి బాగా తెలిసిన ఈ రిజిస్టరు వంశవృక్షాలు గీసుకునేవాళ్ళకి ఎందుకో అంతగా తెలియదు.

ఒక ఊరి పేజీలు తిప్పుతుంటే ఆ ఊరంతా కళ్ళముందు కదులుతుంది. స్వామివారి ముందు దీపం పెట్టినందుకు ఇంత, సన్నాయి ఊదినందుకు ఇంత, పంచాంగం చెప్పినందుకు ఇంత, గుళ్ళో ఆడినందుకు ఇంత, పూలమాలలు కట్టినందుకు ఇంత. రాయలసీమ వైపు దశబంధం ఇనాములని ఎక్కువగా కనిపిస్తాయి. అంటే చెరువో బావో తవ్వించి, లేదా దాన్ని బాగుచేయిస్తూ ఉన్నందుకు ఇచ్చినవి. "మా పెద్దలు రైతులు" అని చెప్పుకునే ఇల్లు ఒకప్పుడు ఊరి చెరువుకి కాపలా ఉన్న ఇల్లు కావచ్చు. రైతు అనడంలో అబద్ధం లేదు, కానీ చెరువు పోయింది చూశారా!

అసలు మలుపు ఇక్కడే ఉంది. విచారణ అయిపోయాక ఏం చేశారంటే, ఇలాంటి మాన్యాల్లో చాలావాటికి కొద్దిపాటి క్విట్ రెంటు కట్టించుకుని, ఇక నువ్వు ఆ పని చేయనక్కర్లేదు, భూమి నీ సొంతం అని టైటిల్ డీడ్లు ఇచ్చారు. మిగిలినవాటిలో అధికభాగం 1956లో వచ్చిన ఆంధ్ర ఇనాముల రద్దు చట్టంతో రైతువారీ పట్టాలయ్యాయి. పనీ భూమీ విడిపోయాయి. మొన్నటిదాకా సన్నాయి ఊదినందుకు భూమి అనుభవించినవాడు ఇప్పుడు ఆ భూమికి పట్టాదారు. వాడి కొడుకుని అడిగితే "వ్యవసాయం" అంటాడు. మనవడు అమెరికా వచ్చి "అనాదిగా వ్యవసాయం" అంటాడు. ఆ అనాది అన్నది కొన్ని ఇళ్ళలో 1860లలో మొదలైంది, కొన్ని ఇళ్ళలో 1956లో మొదలైంది.

ఈ రిజిస్టరు కావాలంటే ఊరి పేరు, అప్పటి తాలూకా పేరు తెలియాలి. జిల్లాలూ తాలూకాలూ ఎన్నోసార్లు మారాయి కాబట్టి ఇప్పటి మండలం పేరు పట్టుకుపోతే దొరకదు. కలెక్టరాఫీసుల్లో అడగాలి, హైదరాబాదు తార్నాకలో ఉన్న రాష్ట్ర పత్రాగారంలో అడగాలి. కాగితాల మీద ఫసలీ సంవత్సరాలు కనిపిస్తే కంగారుపడకండి, 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1270 అంటే 1860-61. ఆఫీసు దాకా వెళ్ళలేనివాళ్ళకి ఇంకో సులువు దారి ఉంది. ఊళ్ళో ఉన్న బంధువులకి ఫోను చేసి మీ పాత పొలాన్ని జనం ఏమని పిలుస్తారో అడగండి. మంగలి మాన్యం, భజంత్రీల చేను, దీపం మాన్యం అన్న పేర్లు సర్వే నంబర్లు వచ్చి నూరేళ్ళు దాటినా నోళ్ళలో బతికే ఉన్నాయి.

అలాగని రిజిస్టరులో లేనివాళ్ళు పనిలేనివాళ్ళు కాదు. మాన్యం దక్కినవాడే అందులోకి ఎక్కాడు. పాలేర్లు, కూలీలు, బీడారులతో ఉప్పూ ధాన్యమూ మోసిన లంబాడీలు, తీరం వెంట పడవవాళ్ళు, మగ్గంమీద బతికినవాళ్ళు, వీళ్ళెవరూ అందులో అంతగా కనిపించరు. వీళ్ళ జాడ వేరేచోట వెతకాలి.

నేతపనివాళ్ళ సంగతే తీసుకోండి. పదిహేడో శతాబ్దం నుంచి ఇంగ్లీషువాళ్ళూ డచ్చివాళ్ళూ మన తీరానికి వచ్చింది గుడ్డకోసం. నర్సాపురం పక్కన మాధవాయపాలెం పేరు 'మడపోలం' అయి, ఒక రకం గుడ్డకే పేరైపోయి యూరప్ అంతా తిరిగింది. కంపెనీవాళ్ళు నేతగాళ్ళకి బయానా ఇచ్చి బట్ట తీసుకునేవారు. 1833లో పార్లమెంటు చేసిన చట్టంతో కంపెనీ వ్యాపారమే మానేసింది. బయానాలు ఆగాయి, మాంచెస్టరు గుడ్డ దిగింది. అదే సమయంలో, 1832-33లో, గుంటూరు సీమని మహాకరువు పట్టింది. మగ్గం దించి కూలికి పోయిన ఇళ్ళు ఎన్నో. వాళ్ళ మనవలు నేత గురించి చెప్పుకోకపోవడంలో వింత లేదు.

అద్దకం వాళ్ళ కథ ఇంకా చిత్రం. మచిలీపట్నం అద్దకాల్లో ఆ ఎర్రరంగుకి ప్రాణం చిరివేరు. తీరం ఇసకల్లో ఆ వేరు తవ్వి అమ్ముకు బతికే జనం ఉండేవారు. 1868లో గ్రేబె, లీబర్‌మన్ అనే ఇద్దరు జర్మన్లు ప్రయోగశాలలో అదే ఎరుపు తయారు చేసే కిటుకు కనిపెట్టారు. ఆ కృత్రిమ రంగు మార్కెట్టుకి వచ్చాక ఇసకలో వేరు తవ్వేవాడికి గిరాకీ పోయింది. బెర్లిన్‌లో జరిగినదానికి కృష్ణా జిల్లాలో ఒక వృత్తి పేరే మాసిపోయింది. ఇవాళ "చిరివేరు తవ్వేవాళ్ళం" అని చెప్పుకునే ఇల్లు ఒక్కటి కూడా నాకు తగల్లేదు.

పోయిన పనివాళ్ళంతా ఎక్కడికి వెళ్ళారు? చాలామంది కాలవ కిందకి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, విజయవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855లో. అంతకుముందు మెట్టచేలూ చవిటి నేలలూ అయినవి పదేళ్ళలో వరి మళ్ళయ్యాయి. తవ్వడానికి మనుషులు కావాలి, నాట్లకి కావాలి, పడవలు లాగడానికి కావాలి, లాకుల దగ్గర కావాలి. డెల్టాలో "తాతముత్తాతల నాటి వ్యవసాయం" అన్న మాట విన్నప్పుడు కాటన్ దొర ముందా వెనకా అని అడగడం నాకు అలవాటైపోయింది. కొందరు నవ్వుతారు. కొందరికి కోపం వస్తుంది.

తెలంగాణ వాళ్ళ వెతుకులాట మరో తీరు. అక్కడ పాత రెవెన్యూ కాగితాలు ఉర్దూలోనో, ఇంకా వెనక్కి పోతే పారశీకంలోనో ఉంటాయి. సేత్వార్ అనీ పహాణీ అనీ పేర్లు వినే ఉంటారు. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో పొలం ఎవరి పేరున ఉంది, నిజంగా ఎవరు దున్నుతున్నారు అన్నది వేరువేరుగా రాశారు. ఒక ఇంటి అసలు బతుకు ఆ రెండు గళ్ళ మధ్య తేడాలో తెలుస్తుంది. నిజామాబాదు ప్రాంతంలో కోనసముద్రం అనే ఊరుంది. అక్కడి కొలిముల్లో చేసిన ఉక్కు కొనడానికి పారశీక వర్తకులు వచ్చేవారు. ఆ ఉక్కు కత్తులుగా మారి ఎక్కడెక్కడికో పోయింది. 1820లలో వాయ్‌సీ అనే ఇంగ్లీషు ఆయన వెళ్ళి ఆ పని కళ్ళారా చూసి రాశాడు. ఆ కొలిముల వాళ్ళ వారసులు ఇప్పుడు ఏ ఊళ్ళో ఏ పని చేస్తున్నా, వాళ్ళ పిల్లలకి ఈ ముక్క ఎవరైనా చెబితే బాగుండును.

కాగితాలు లేనిచోట మాటలున్నాయి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడెమీ 'మాండలిక వృత్తి పదకోశం' అని వేసింది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలు 1962లోనూ చేనేత పదాలు 1971లోనూ వచ్చాయి. ఆ పుస్తకాన్ని పండితులే చదవాలని లేదు. మీ ఇంట్లో అమ్మమ్మో మేనత్తో వాడే వింత మాటల్ని అందులో వెతకండి. అయితే ఒక జాగ్రత్త. "ఆసులో కండెలా తిరుగుతున్నాడు" అని ప్రతివాళ్ళూ అంటారు, అదేమీ సాక్ష్యం కాదు. పడుగు, పేక కూడా అంతే, కవులు వాడేసి అరగదీశారు. కానీ మా వైపు ఒక పెద్దావిడ ఉండేవారు. తరతరాల రైతు కుటుంబమని గట్టిగా చెప్పుకునే ఇల్లు. ఆవిడ జడ వేసేటప్పుడు చిక్కుపడితే పడుగుకి గంజి పెట్టి కుంచెతో దువ్వడంలో ఉన్న దశలన్నీ ఒకటొకటిగా చెప్పేవారు, ఏ దశలో ఎంత తడి ఉండాలో కూడా. "అదంతా మీకెలా తెలుసు పిన్నీ?" అంటే "అందరికీ తెలిసిందేగా" అనేవారు. అందరికీ తెలియదు. మగ్గం ఉన్న ఇంట్లో పెరిగినవాళ్ళకే తెలుస్తుంది. ఆవిడ పుట్టింటివారు మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు.

ఎందుకు ఒప్పుకోరంటే కారణాలు మనకి తెలియనివి కావు. చేతిపని చేసినవాడు తక్కువ, భూమి ఉన్నవాడు ఎక్కువ అన్న లెక్క మన సమాజంలో ఎంత లోతుకి దిగిందో వేరే చెప్పనక్కర్లేదు. సముద్రం దాటి వచ్చినా ఆ లెక్క మన సామానుతో పాటే వచ్చింది. పెళ్ళి సంబంధాలు మాట్లాడుకునేచోట కూచుంటే ఇప్పటికీ వినపడుతుంది. ఇక్కడ మనం ప్రోగ్రాములు రాసి, మందులమ్మి, పెట్రోలు బంకులూ మోటెళ్ళూ నడిపి బతుకుతున్నాం. ఏ పనైనా గౌరవమేనని పిల్లలకి చెబుతున్నాం. ముత్తాత దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయనకి భూమి ఉండి తీరాలి!

మనకంటే ముందు సముద్రం దాటిన తెలుగువాళ్ళతో పోల్చుకుంటే సంగతి తమాషాగా ఉంటుంది. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలతో డర్బన్ చేరింది. 1911 దాకా నేటాల్‌కి మొత్తం 1,52,184 మంది ఇలా ఒప్పందం మీద వెళ్ళారు. అందులో మూడింట రెండు వంతులమంది మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళే. విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు వైపు తెలుగువాళ్ళు వాళ్ళలో చాలామంది. ప్రతి మనిషికీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటిమీద పుట్టుమచ్చలూ గాయాల గుర్తులూ, ఏ తోట యజమానికి అప్పగించారో, అన్నీ రాశారు. ఆ జాబితాలు దక్షిణాఫ్రికాలో భద్రంగా ఉన్నాయి. అంటే డర్బన్‌లో ఉన్న కూలీవాడి మునిమనవడికి తన ముత్తాత కుడి మోకాలి మీద మచ్చ ఉందని కూడా తెలుస్తుంది. భూస్వాముల వంశమని చెప్పుకునే మనకి ముత్తాత పుట్టిన సంవత్సరం కూడా తెలియదు.

కానీ అన్నీ రాసిన ఆ జాబితాలో ఊళ్ళో ఏం పని చేసేవాడన్న గడి లేదు. కులం రాస్తే చాలనుకున్నారు. అక్కడికి వెళ్ళాక పనికి పేరు ఒకటే, కూలీ. వాళ్ళ ఇంటిపేర్లు కూడా చాలామటుకు మాసిపోయి నాయుడు, రెడ్డి లాంటి బిరుదులే ఇంటిపేర్లుగా స్థిరపడ్డాయి. అందుకని వాళ్ళు ఆ ఊరి పేరు పట్టుకుని వెనక్కి రావాలి. ఆ ఊరి కైఫీయతు ఉందేమో, ఇనాం రిజిస్టరు ఉందేమో చూడాలి. కైఫీయతులంటే మెకంజీ దొర (1754–1821), ఆయన దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులూ ఊరూరా సేకరింపజేసిన వృత్తాంతాలు. కడప జిల్లావి సంపుటాలుగా అచ్చయ్యాయి కూడా.

రంగం వెళ్ళినవాళ్ళకి ఆపాటి కాగితమూ లేదు. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల్లో "మా తాత రంగంలో వ్యాపారం చేసేవాడు" అన్న మాట వినని ఊరుండదు. చేసినవాళ్ళు ఉండి ఉంటారు. కానీ మన కోరంగి రేవు పేరుమీద అక్కడ 'కొరంగీలు' అనిపించుకున్నవాళ్ళలో ఎక్కువమంది రేవులో మూటలు మోసినవాళ్ళు, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్ళు. 1930 మేలో రంగూన్ అల్లర్లు చెలరేగింది రేవు కూలిపని దగ్గరే. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు కాలినడకన కొండలు దాటి వచ్చినవాళ్ళున్నారు. దారిలో పోయినవాళ్ళున్నారు. ఆ తాత వ్యాపారి కాకపోతే ఆయన నడిచిన దూరం తగ్గుతుందా?

ఇంకో విశేషం. మన ఊళ్ళ కాగితాలు కొన్ని మన ఊళ్ళకంటే ఇక్కడికే దగ్గర. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, 1876-78 కరువులో బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళు తవ్వించే కాంట్రాక్టు తీసుకుని, తిండిలేనివాళ్ళకి కూలి ఇప్పించాడు. పని చేసినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. కరువు తరవాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఒక తరంలో తోలుపని, నడుమ కరువులో కాలవ తవ్వకం, మరుసటి తరంలో బడిపంతులు. ఇన్ని మలుపులు తిరిగిన ఆ ఇళ్ళ వృత్తి ఏదని రాస్తాం? ఆ మిషన్ వాళ్ళ ఉత్తరాలూ నివేదికలూ అట్లాంటాలో ఉన్న బాప్టిస్టు చారిత్రక సంఘం వారి పత్రాగారంలో ఉన్నాయి. నాలుగు గంటలు కారు నడిపితే ఒంగోలు చేరుకోగల తెలుగువాళ్ళు ఈ దేశంలో వేలమంది ఉన్నారన్నమాట.

పదేళ్ళో ఇరవయ్యేళ్ళో ఉండి మాయమైన ఉద్యోగాలు కూడా ఉన్నాయి. గుర్రం జాషువాగారు రాజమండ్రిలో మూకీ సినిమాలు ఆడుతుంటే తెర పక్కన నిలబడి కథ చెప్పేవారు. టాకీలు వచ్చాక ఆ పని లేదు. వెన్నెలకంటి సుబ్బారావుగారు (1784–1839) ఇంగ్లీషు నేర్చి, దొరల కచేరీల్లో ఊరూరా తిరిగి, చివరికి మద్రాసు సదర్ కోర్టులో అనువాదకుడయ్యారు. ఆయన ఆత్మకథ రాసుకున్నారు కాబట్టి మనకి తెలిసింది. రాసుకోని దుబాసీల మనవలు ఇప్పుడు బహుశా "సంస్థానంలో ఉద్యోగం" అంటూ ఉంటారు.

చివరికి మిగిలింది ఆడవాళ్ళ పని, అన్నిటికంటే కష్టం అదే. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం దస్తావేజులో మనిషి వివరాల్లో వృత్తి కూడా ఉండాలి. అందుకే పాత దస్తావేజులు ఒక గని. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో నకలు పెట్టుకోవచ్చు. మగవాడికి వర్తకం, వ్యవసాయం, ఉద్యోగం అని ఏదో ఒకటి రాస్తారు. ఆడమనిషి పేరు రాగానే "గృహకృత్యములు". టంగుటూరి ప్రకాశంగారి తండ్రి పోయినప్పుడు ఆయనకి పదకొండేళ్ళు. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని చదివించారు. ఆ పెద్దాయన తన జీవితయాత్రలో దాచకుండా రాశారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏ కాగితంలో చూసినా ఆవిడ చేసింది గృహకృత్యాలే అయ్యుండేది. ఊళ్ళో సగంమంది పుట్టుకకి చెయ్యి అందించిన మంత్రసాని కూడా ఏ రిజిస్టరులోనూ మంత్రసాని కాదు. సన్నాయి మాన్యం భర్త పేర ఉంటుంది, అంతే.

1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో కరణాలు, మునసబులు, పటేలు పట్వారీల వ్యవస్థ రద్దయింది. కరణంగారి గొలుసుకట్టు రాత తడుముకోకుండా చదవగలిగేవాళ్ళు అప్పటికే పెద్దవాళ్ళు. ఇప్పుడు జిల్లాకి పదిమంది దొరికితే గొప్ప. మీ ఇంట్లో అటక మీద అలాంటి కాగితాలుంటే, చదవలేకపోయినా సరే, ముందు ఫోటోలు తీయించి పెట్టుకోండి. చదివేవాళ్ళని తరవాత వెతుక్కోవచ్చు.

ఈలోగా ఫోనులో దొరికే పెద్దవాళ్ళని అడగండి. "తాతగారు ఏం చేసేవారు?" అని మాత్రం అడక్కండి, వ్యవసాయం అంటారు. "మీ చిన్నప్పుడు ఇంట్లో డబ్బు ఎప్పుడు కనిపించేది?" అనడగండి. సంక్రాంతికి, కళ్ళం అయ్యాక అంటే నిజంగానే వ్యవసాయం. ప్రతినెలా ఒకటో తారీకున అంటే ఉద్యోగం. మాఘమాసంలో, వైశాఖంలో అంటే పెళ్ళిళ్ళతో ముడిపడ్డ పని, వాయిద్యమో బంగారప్పనో పౌరోహిత్యమో. సంతరోజు అంటే ఏదో తయారుచేసి అమ్ముకున్నారన్నమాట. రోజూ పొద్దున్నే చిల్లర కనిపించేదంటే, అది ఎవరి కొంగుముడిలో ఉండేదో కూడా అడగండి. పాలో, పెరుగో, విస్తళ్ళో, అప్పడాలో, ఏవి అమ్మితే వచ్చిందో ఆవిడే చెబుతుంది.